డప్పు ప్యాక్ అమ్మాలంటే ముందు ఆ కిక్ లూప్ తీసేయండి

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, సొంతూరు కదిరి దగ్గర. ఆఫీసు అయ్యాక ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో హౌస్, టెక్నో (డ్యాన్స్ సంగీతం) ట్రాక్‌లు చేస్తుంటాను. ఊరి జాతరలో ఫోన్‌తో రికార్డు చేసిన డప్పు దరువుకి, నెలవారీ చందా కట్టే సైట్ నుంచి తీసుకున్న కిక్ (లోతైన ‘ధమ్’ దెబ్బ), హై-హ్యాట్ (చిన్న తాళాల చప్పుడు) లూప్‌లు, అంటే తిరిగి తిరిగి మోగే ముక్కలు, కలిపి 20 లూప్‌లు తయారుచేశాను. విన్నవాళ్లు బాగుందన్నారు. మొత్తం 500 సౌండ్లతో డప్పు ప్యాక్ చేసి ఆన్‌లైన్‌లో అమ్మాలని ఉంది. కానీ ఏబుల్టన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడే స్నేహితుడికి ఒక లూప్ ఎంపీ3లో పంపితే టెంపోకి కూర్చోవట్లేదని, తిరిగి మొదలైన ప్రతిసారీ ‘టిక్’ మంటోందని అన్నాడు. డప్పు కింద కిక్ పెడితే రెండూ పల్చబడుతున్నాయి కూడా. ఊరికి వెళ్లి మళ్లీ రికార్డు చేయాలా? ఎలా చేయాలి?

జవాబు: చేయాలి. ఉన్న 20 లూప్‌లూ అమ్మకానికి పనికిరావు. డప్పు మీ ఊరిదే, దాని కింద ఉన్న కిక్, హై-హ్యాట్ మాత్రం మీవి కావు. అలాంటి సైట్లు చెప్పే రాయల్టీ-ఫ్రీ అంటే ఆ సౌండ్‌ని మీ పాటలో వాడుకున్నందుకు మళ్లీ మళ్లీ డబ్బు కట్టక్కర్లేదని, అంతవరకే. సౌండ్‌ని తిరిగి సౌండ్‌గా అమ్మే హక్కు అందులో రాదు. ఇంకో శాంపిల్ ప్యాక్‌లో (ఇలా అమ్మే సౌండ్ల కట్టలో) పెట్టకూడదని చాలా ప్యాక్‌ల లైసెన్సులో విడిగా రాసే ఉంటుంది. పిచ్ దించినా, ఈక్వలైజర్‌తో సగం కోసేసినా, డప్పు కింద దాచినా ఆ షరతు పోదు.

వీడియోల్లో ఎవరి ఆడియో ఉందో పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ దగ్గర కూడా ఇదే చిక్కు. అందరూ వాడుకోగల లూప్ ఉన్న ట్రాక్‌ని అందులో నమోదు చేస్తే, అదే లూప్ కొనుక్కున్న ఇంకెవరి వీడియో మీదో మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది. పూర్తి హక్కు తమ ఒక్కరిదే అయిన ఆడియోకే అక్కడ చోటు. కాబట్టి మీ పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంటెంట్ ఐడీ గడి కనిపించినప్పుడు, బయటి లూప్‌ని ఉన్నదున్నట్టు వాడిన ట్రాక్‌లకి టిక్ పెట్టకండి. రేపు మీ ప్యాక్ కొన్నవాళ్లు మీ దరువునే అలా నమోదు చేస్తే మీ సొంత డెమో వీడియోకే క్లెయిమ్ వస్తుంది. ఇది కుదరదని మీ లైసెన్సులో ఒక వాక్యం ముందే రాసుకోండి.

ఇక 500 అనే అంకె. ఆ సంఖ్య కోసం ఒకే దెబ్బని ఐదు రివర్బ్‌లతో (గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) ఐదు ఫైళ్లు చేయడం ఈ వ్యాపారంలో పాత అలవాటే. కొన్నవాళ్లు పది ఫైళ్లు వినేసరికి పసిగడతారు. రివర్బ్ వాళ్ల దగ్గరా ఉంది, మీ దగ్గరే ఉన్నది డప్పు. ఆరు రకాల దెబ్బలు తీసుకోండి: చిర్రతో (పొట్టి లావు పుల్ల) నడిమధ్య, చిర్రతో అంచు దగ్గర, చిటికెన పుల్లతో (సన్నది) అంచు మీద, రెండూ కలిపి, చెయ్యి ఆనించి మూసిన దెబ్బ, గుక్కతిప్పుకోకుండా వాయించే రోల్. ఒక్కోటి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు స్థాయిల్లో, స్థాయికి నాలుగేసి సార్లు. అంటే 72. ఎనిమిది దరువులు, ఒక్కోటి మూడు రూపాల్లో (మేళం మొత్తం, ఒంటి డప్పు, లో-ఎండ్ అంటే లోతైన మోత కోసేసినది), 24 లూప్‌లు. దరువు విరిచి మళ్లీ ఎత్తుకునే ముక్తాయింపులు 12. మొత్తం 108. ఇంతకంటే ఎక్కువ మొదటి ప్యాక్‌కి అక్కర్లేదు. ఒకే దెబ్బ నాలుగుసార్లు ఎందుకంటే, ఒకే ఫైల్‌ని పదహారు సార్లు వరసగా మోగిస్తే మెషీన్‌గన్‌లా వినిపిస్తుంది. నాలుగు మారుతూ మోగితే మనిషి వాయించినట్టుంటుంది.

ఫోన్ రికార్డింగ్ ఎందుకు వద్దో కూడా చూడండి. ఫోన్‌లోని మామూలు రికార్డర్ చాలాసార్లు గెయిన్‌ని తానే సర్దుకుంటూ పోతుంది. గట్టి దెబ్బ పడగానే స్థాయి దించి, మోత తగ్గగానే పైకి ఎత్తుతుంది. అందుకే మీ లూప్‌లలో దెబ్బల మధ్య జనం గోల ఉబ్బి వస్తుంది. ఆపైన ఫైల్‌ని కుదించి దాస్తుంది, పుల్ల దెబ్బలోని ‘చట్’ అనే పదును మొదట పోయేది అక్కడే.

మారతహళ్లి ఫ్లాట్‌లో ఈ పని పెట్టుకోవద్దు. రింగ్ రోడ్డు రొద, కుక్కర్ విజిళ్లు, పై ఇంటి డ్రిల్లింగ్ ఒక ఎత్తు. చిన్న గదిలో డప్పు మోత నాలుగు గోడల నుంచీ కొన్ని మిల్లీసెకన్లలోనే తిరిగొచ్చి దెబ్బకి అతుక్కుపోవడం ఇంకో ఎత్తు, దాన్ని తర్వాత ఏ ప్లగిన్నూ విడదీయలేదు. పైగా తోలు డప్పుని మంట దగ్గర కాచాలి. మూడో అంతస్తు బాల్కనీలో వరిగడ్డి మంటేస్తే అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా? ఊరి బయట పొలమో కళ్లమో చూసుకోండి, గోడలు లేకపోతే ప్రతిధ్వనీ లేదు. ఆషాఢ, శ్రావణాల గాలుల్లో మాత్రం వెళ్లకండి. అనంతపురం వైపు అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. పొద్దున్నే గాలి లేవకముందు మొదలుపెట్టి, మైక్‌కి బొచ్చు తొడుగు వేసి, బోరు మోటార్లకి, గుడి మైకుకి దూరంగా వాయించేవాళ్లని కూర్చోబెట్టండి. ఊరికి వెళ్లడం కుదరకపోతే బెంగళూరులో తమటె (డప్పుని పోలిన కన్నడ వాద్యం) వాయించే బృందాలున్నాయి. కానీ అది వేరే వాద్యం, వేరే దరువులు. దాన్ని డప్పు అని పేరు పెట్టి అమ్మకండి.

కాచడం గురించి రికార్డింగ్ మాన్యువళ్లలో ఉండదు, ఈ ప్యాక్ చెడేది చాలావరకు ఇక్కడే. కాచిన వెంటనే తోలు బిగిసి శ్రుతి పైకి ఉంటుంది. చల్లారేకొద్దీ, గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా త్వరగా, వదులై కిందికి జారుతుంది. పొద్దున గట్టి దెబ్బలన్నీ, ఎండెక్కాక మెల్లని దెబ్బలన్నీ తీస్తే, చివర్లో చూసుకుంటే మూడు స్థాయిలూ మూడు శ్రుతుల్లో ఉంటాయి. శాంప్లర్‌లో (ఫైళ్లని కీల మీద మోగించే సాధనం) పెట్టి వాయిస్తే రెండు డప్పులు వంతులేసుకున్నట్టుంటుంది. అందుకని ఒక రకం దెబ్బ మూడు స్థాయిలూ ఒకే కాపులో పూర్తి చేయండి. ప్రతి కాపు తర్వాత మొదటి దెబ్బని స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూసి, అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఎన్ని హెర్ట్జ్ దగ్గరుందో కాగితం మీద రాసుకోండి. తర్వాతి కాపులో అదే అంకెకి దగ్గరగా వచ్చేదాకా వాయించనివ్వండి, అప్పుడు రికార్డ్ నొక్కండి. ఫైబర్ డప్పు అయితే ఈ బాధ లేదు. మోత కూడా వేరే, పదును ఎక్కువ, కండ తక్కువ. రెండూ పెట్టుకోవచ్చు, వేర్వేరు ఫోల్డర్లలో.

మైక్ ఖరీదైనది అక్కర్లేదు. ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైక్ డప్పు ధాటికి తట్టుకుంటుంది, ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కి పంపే కరెంటు) కూడా అడగదు. తోలుకి 30 సెంటీమీటర్ల దూరంలో, నడిమధ్యకి గురిపెట్టకుండా, మధ్యకీ అంచుకీ నడుమ చూసేలా పెట్టండి. రెండో మైక్ ఉంటే 1.5 మీటర్ల దూరంలో. రెండిటికీ మధ్య 1.2 మీటర్ల తేడా అంటే శబ్దం రెండోదానికి సుమారు 3.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో అది 154 శాంపిల్స్ (ఇక్కడ శాంపిల్ అంటే సెకనుకి 44,100 చొప్పున తీసే శబ్దపు కొలత). కలిపి వాడేముందు దూరపు ట్రాక్‌ని అంత ఎడమవైపుకి, అంటే ముందుగా మోగేలా, జరిపి వినండి. జరపనిదే బాగుందనిపిస్తే అలాగే ఉంచండి, కానీ రెండూ విని తేల్చుకోండి. మేళం మొత్తానికి మనిషికో మైక్ పెట్టొద్దు, ఒకరి మోత ఇంకొకరి మైక్‌లోకి దూరి గందరగోళమవుతుంది. రెండు మూడు మీటర్ల దూరంలో ఒక స్టీరియో రికార్డర్ చాలు. ఎక్స్ఎల్ఆర్ (మైక్) కేబుళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి, ఒకటి అదనంగా తీసుకెళ్లండి.

ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడపండి. ఎర్తింగ్ సరిగా లేని చోట 50 హెర్ట్జ్ గుయ్‌మనే హమ్ చేరుతుంది, దాని మీద 100, 150 కూడా. జీ శ్రుతిలో ఉన్న కిక్ కూర్చునేది 49 హెర్ట్జ్ దగ్గర. హమ్‌ని తర్వాత కోయబోతే, ఆ ప్యాక్ వాడేవాళ్ల కిక్‌కి కావాల్సిన చోటే గంటు పడుతుంది.

ఫైళ్లు 24-బిట్ వేవ్‌లోనే (కుదించని .wav ఫైల్). అన్నిటికంటే గట్టి దెబ్బ −12 డీబీ దగ్గర తగిలేలా గెయిన్ పెట్టండి. డప్పు మొదటి దెబ్బ మెల్లగా కదిలే మీటర్ చూపించేదానికంటే ఎత్తుగా ఉంటుంది. వాయించేవాళ్లకి వేడెక్కాక చెయ్యి ఇంకా లేస్తుంది, సౌండ్ చెక్‌లో ఇచ్చిన బలం అసలు వాయింపులో ఉండదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య మూడు సెకన్లు ఆగమనండి, లేకపోతే మోత ఆరకముందే తర్వాతిది పడి రెండూ పాడవుతాయి. చివర్లో ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల మౌనం రికార్డు చేసి పెట్టుకోండి. నాయిస్ తగ్గించాల్సి వస్తే అదే కొలత.

దరువుల దగ్గర జాగ్రత్త. చెవిలో మెట్రోనోమ్ పెడితే చాలామంది డప్పు కళాకారుల వాయింపు బిగుసుకుపోతుంది. మొదట వాళ్ల నడకలోనే మూడు నాలుగు నిమిషాలు వాయించనివ్వండి. అందులో నిలకడగా ఉన్న ఎనిమిది బార్లు ఏరుకోండి. అది 131.4 బీపీఎంలో (నిమిషానికి ఇన్ని బీట్లు) ఉందనుకోండి, 131కి దించితే ఎవరికీ తెలియదు. 118ని 128కి లాగితే మాత్రం మొత్తం ఫైల్‌ని స్ట్రెచ్ చేయొద్దు, దెబ్బల మొన అరిగిపోతుంది. ఎఫ్ఎల్‌లోని స్లైసెక్స్ ప్లగిన్‌లో దెబ్బ దెబ్బకీ కోసి, ముక్కల్ని జరపండి.

జరిపేటప్పుడు ఏ గ్రిడ్ మీద జరుపుతున్నారో చూసుకోవాలి. తిశ్ర నడకలో (బీట్‌కి మూడు భాగాలు) సాగే దరువుని పదహారో వంతు గ్రిడ్‌కి లాగితే అది చచ్చిపోతుంది. 128 బీపీఎంలో ఒక బీట్ 468.75 మిల్లీసెకన్లు. నాలుగు భాగాలు చేస్తే 117, మూడు చేస్తే 156. ఈ 39 మిల్లీసెకన్ల తేడాలోనే తీన్‌మార్ ఊపు ఉంది. బీట్‌ని మూడుగా చీల్చే గ్రిడ్ పెట్టండి. అది పెట్టాక కూడా ప్రతి దెబ్బనీ గీత మీదికి లాగకండి, బార్ మొదటి దెబ్బని గీత మీద పెట్టి మిగతావి చెవితో సర్దండి. ఫోర్-ఆన్-ది-ఫ్లోర్ (ప్రతి బీట్‌కీ పడే) కిక్ మీద తిశ్రం నిక్షేపంగా కూర్చుంటుంది, ఆ రెంటి పెనుగులాటే ఈ ప్యాక్ ఎవరైనా కొనడానికి కారణం అవుతుంది.

మీ స్నేహితుడి ఫిర్యాదులకి రెండు వేర్వేరు కారణాలున్నాయి. మొదటిది ఎంపీ3. ఆ కుదింపులో ఫైల్ మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది, కాబట్టి లూప్ పొడవు మారిపోతుంది, ప్రతి చుట్టుకీ కొంచెం వెనకబడుతుంది. లూప్‌ని ఎప్పుడూ ఎంపీ3లో ఇవ్వకండి. రెండోది కోత. తరంగం సున్నా దగ్గర లేనప్పుడు కోస్తే స్పీకర్ ఒక్కసారిగా గెంతుతుంది, ఆ ‘టిక్’ అదే. సున్నాని దాటే చోట కోసి, మొదట్లో 1 మిల్లీసెకను, చివర్లో 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. మొదటి ఫేడ్ ఎక్కువైతే పుల్ల దెబ్బ మొద్దుబారుతుంది. లూప్ చివర మోగుతున్న తోక తెగిపోకుండా, ఎఫ్ఎల్ ఎక్స్‌పోర్ట్ విండోలో ‘వ్రాప్ రిమెయిండర్’ (Wrap remainder) ఎంచుకోండి. చివరి మోత మొదటి దెబ్బ కిందికి చుట్టుకుని వస్తుంది.

పొడవుని కూడా లెక్కకట్టి సరిచూసుకోవచ్చు. 128 బీపీఎంలో నాలుగు బార్లు సరిగ్గా 7.5 సెకన్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో 3,30,750 శాంపిల్స్. రెండు బార్లు 1,65,375. ఒక్క బార్ మాత్రం 82,687.5 వస్తుంది, అర శాంపిల్ అనేది ఉండదు కాబట్టి ఎక్కడో ఒకచోట సర్దాల్సిందే. ఒక బార్ లూప్‌లు మానేసి రెండు, నాలుగు బార్లవే ఇవ్వండి. ఎఫ్ఎల్‌లోని ఆడియో ఎడిటర్ ఎడిసన్‌లో ఫైల్ తెరిచి పొడవు ఈ అంకెకి సరిపోయిందో లేదో ప్రతిదానికీ చూడండి, విసుగైన పనే.

కిక్, డప్పు పల్చబడటం వేరే సంగతి. రెండిటిలోనూ లోతైన భాగం ఉంది, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. 100 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు 10 మిల్లీసెకన్లు. కిక్, డప్పు 5 మిల్లీసెకన్ల తేడాతో మొదలైతే ఆ చోట ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి పోతుంది. ముందు డప్పు చానెల్‌లో రివర్స్ పోలారిటీ (తరంగాన్ని తలకిందులు చేసే బటన్) నొక్కి వినండి. గట్టిపడితే అలాగే ఉంచండి. పడకపోతే డప్పుని మిల్లీసెకను చొప్పున ముందుకీ వెనక్కీ జరపండి. చివరగా 120 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఎక్కడో హై-పాస్ (లోతైన మోతని కోసే ఫిల్టర్) పెట్టి, కింది భాగమంతా కిక్‌కి వదిలేయండి. ప్యాక్‌లో ‘లో-ఎండ్ కోసేసిన’ రూపం విడిగా ఇవ్వమన్నది ఇందుకే, డ్యాన్స్ ట్రాక్ చేసేవాళ్లు ఎక్కువగా తీసేది దాన్నే. కోయనిది కూడా ఉండాలి, కిక్ లేని బ్రేక్‌డౌన్‌లో డప్పు కండ కావాలి.

ఫైల్‌ని గరిష్ఠ ఎత్తుకి పెంచే నార్మలైజ్ బటన్ జోలికి వెళ్లేముందు ఆలోచించండి. ఫైల్ ఫైల్‌కీ విడిగా నొక్కితే మెల్లని దెబ్బా గట్టి దెబ్బా ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి, మూడు స్థాయిలు తీసిన శ్రమంతా పోతుంది. ఒక రకం దెబ్బలన్నిటినీ కలిపి, వాటిలో గట్టిది −1 డీబీకి వచ్చేలా ఒకే మోతాదులో పెంచండి. ఎత్తైన శిఖరాలని అణిచే లిమిటర్ వద్దు. ఫైల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, ప్యాక్ పేరు, దెబ్బ రకం, స్థాయి, వరస సంఖ్య ఉండేలా పెట్టండి. లూప్ అయితే బీపీఎం కచ్చితంగా పేరులోనే ఉండాలి. ఎక్స్‌పోర్ట్‌లో ఏసిడైజ్డ్ (టెంపోని ఫైల్ లోపలే రాసేది) టిక్ పెట్టినా సరే, ఆ సమాచారాన్ని అన్ని సాఫ్ట్‌వేర్లూ చదవవు.

కాగితం సంగతి దాటేయకండి, అన్నా అని పిలిచే వాళ్లే వాయించినా సరే. వాయించినవాళ్లకి మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది. నోటిమాటతో అది మీకు రాదు, రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లే అని, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని 1957 చట్టంలోని 19వ సెక్షన్ అనుకుంటుంది. బెర్లిన్‌లో కూర్చున్నవాడు కొనుక్కునే ప్యాక్‌కి ఈ రెండూ చాలవు. ఎంతకాలానికి, ప్రపంచమంతటికీ అని, శాంపిళ్లుగా విడగొట్టి అమ్మడానికి అని, ఏడాదిలోపు వాడకపోయినా ఒప్పందం చెల్లుతుందని రాయండి. తెలుగులో రాయండి, చదివి వినిపించండి. రోజు కూలి ఇచ్చి చేతులు దులుపుకోకుండా అమ్మకాల్లో వాటా కూడా రాసుకుంటే మంచిది. ప్యాక్ పేజీలో వాళ్లు ఒప్పుకుంటే పేర్లు వేయండి. సినిమా పాటల బాణీలు వాయించొద్దని, వాటి హుక్ లైన్లు అరవొద్దని, పాత దరువులే కావాలని ముందే చెప్పండి. పక్కన నిలబడి ఈలలేసేవాళ్ల గొంతులు కూడా ఫైళ్లలో లేకుండా చూసుకోండి.

అమ్మకానికి పెట్టేముందు ఏబుల్టన్ స్నేహితుడికి పది లూప్‌లు, 72 దెబ్బల ఫోల్డర్ ఇచ్చి, ఏమీ వివరించకుండా ఒక గంటలో చిన్న ట్రాక్ చేయమనండి. పక్కన కూర్చుని అతను ఏ ఫైల్ తెరిచి మూసేశాడో, ఏది పేరు చూసి అర్థం కాక అడిగాడో రాసుకోండి. ఎవరూ ముట్టుకోని ఫైళ్లు తీసేయండి, 108 కాస్తా 80కి వచ్చినా నష్టం లేదు. డెమో ట్రాక్‌లో కిక్ కావాలి కదా, దాన్ని ఎఫ్ఎల్‌లోనే సైన్ తరంగం మీద పిచ్ ఎన్వలప్ (శ్రుతిని పైనుంచి కిందికి జార్చేది) పెట్టి మీరే చేసుకోండి. జీకి 49, ఏకి 55 హెర్ట్జ్ దగ్గర ఆగేలా పెడితే చాలు, చందా సైట్ అవసరం అక్కడా రాదు.